అందరికంటే ముందు లేచినవాడు

మా తమ్ముడు మల్లేశ్ దాన్ని ముట్టుకోక ఈ నెలతో ఏడు నెలలు. "నయమైందని ఎవరికీ చెప్పకండి. ఇవాళ వాడలేదని మాత్రం చెప్పండి" అన్నారు డాక్టరమ్మ. అందుకని ఆ మాటే రాస్తున్నాను. ఇవాళ వాడలేదు. ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర. వెనక కొట్టంలో బర్రెలకు కుడితి పెడుతున్నాడు. బకెట్టు చప్పుడు నాకు వినబడుతోంది. ఆ చప్పుడు వినబడే చోట కూర్చుంటేనే ఇది రాయగలుగుతున్నాను.

రాస్తానంటే మొదట ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించి, "రాయి అన్నా. గని పాపం, మంచోడు, ఎవరో చెడగొట్టిండ్రు అని రాయకు. నేను చేసింది చేసినట్టే రాయి" అన్నాడు. అతని భార్య లలితను కూడా అడిగాను. "నా చెయ్యి సంగతి గూడ రాయి బావా" అంది.

నేను ముప్పయ్యేళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రిక సిటీ డెస్కులో పనిచేసి, రెండేళ్ల కింద విరమించాను. ఈ మత్తు పదార్థం పట్టుబడిన వార్తలు నా చేతి మీదుగా చాలా పోయాయి. "గుట్టు రట్టు" అని శీర్షిక పెట్టి, బల్ల మీద పొట్లాలు పరిచిన ఫోటో కింద రెండు కాలమ్‌లలో సర్ది, టీకి లేచిపోయేవాణ్ని. అలాంటి పొట్లమే మా కొట్టంలో, దూడలకు కలిపే కాల్షియం పొడి డబ్బాలో నెలల తరబడి ఉంది. నేను గుర్తుపట్టలేదు. అది ఎట్లా జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మా ఇంటి వంటి ఇల్లు ఇంకోటి ఉంటే వాళ్లకు పనికొస్తుందని ఒక ఆశ.

*వేసవి*

మాది గౌలిపురలో పాల ఇల్లు. తాత కాలంలో నలభై బర్రెలుండేవంటారు. నా చిన్నప్పటికి పదహారు, పోయిన ఏడాదికి ఆరు. ఇంటి వెనక రేకుల కొట్టం, మధ్యలో నీళ్ల తొట్టి. నా భార్య పోయాక నా తిండీ పడకా అన్నీ తమ్ముడి కుటుంబంతోనే. ఇంటి పెత్తనం డెబ్బయ్యెనిమిదేళ్ల మా అమ్మది.

పాల ఇళ్లలో మనిషిని కొలవడానికి ఒకటే కొలత. ఎవరు ముందు లేచారు? మూడింటికి లేచినవాడు బుద్ధిమంతుడు. నాలుగింటికి లేచినవాడు పరవాలేదు. తెల్లారాక లేచినవాడి గురించి మాట్లాడుకోవడమే దండగ. అమ్మ కోడళ్లను ఈ కొలతతోనే ఎంచింది. ముందు లేచినవాళ్లకు మొదటి టీ గ్లాసు దక్కేది. అప్పుడే పిండిన పాలతో, చుక్క నీళ్లు కలపకుండా కాచిన టీ. తర్వాత లేచినవాళ్లకు మామూలు టీ. నేను పేపర్లో చేరి, ఆలస్యపు డ్యూటీలు చేసి పదింటికి లేవడం మొదలుపెట్టాక అమ్మ నన్ను "సాబ్" అని పిలవసాగింది. అందులో మర్యాద ఏమీ లేదు.

నాకంటే పద్నాలుగేళ్లు చిన్నవాడైన మల్లేశ్ పనిలో గట్టివాడే కానీ మొద్దునిద్ర. అమ్మ ఖాళీ పాల క్యాను మీద గరిటెతో కొట్టి లేపేది. మూడుసార్లు కొడితే గానీ కదిలేవాడు కాదు. గల్లీలో సగం ఇళ్లు ఆ చప్పుడుకే లేచేవి.

పోయిన ఎండాకాలంలో ఆ చప్పుడు ఆగిపోయింది. మా దగ్గర పనిచేసే మనిషి ఊరెళ్లి తిరిగి రాలేదు. రెండు పూటలా పాలు పిండడం, హోటళ్లకు వేయడం, నడుమ ట్రాలీ ఆటోలో ఉస్మాన్‌గంజ్ నుంచి తవుడు, పత్తి చెక్క బస్తాలు తెచ్చి చుట్టుపక్కల కొట్టాలకు దించడం అన్నీ మల్లేశ్ మీదే పడ్డాయి. అలసిపోవలసింది పోయి అతను చురుకయ్యాడు. అమ్మ లేచేసరికి కొట్టం కడిగి ఉండేది. ఒక్కోరోజు రెండుసార్లు కడిగి ఉండేది. బర్రెల కొమ్ములకు నూనె రాసి ఉండేది. పలుపుతాళ్లన్నీ విప్పి కొత్తగా పేనినట్టు చుట్టి, వరసగా మేకులకు వేలాడదీసి ఉండేవి.

అమ్మ ఆనందం పట్టలేకపోయింది. గల్లీలో ఎవరు కనబడినా అదే మాట. నాతో కూడా, "నీకు చదువొచ్చింది. వానికి బుద్ధొచ్చింది. ఏది మంచిదో ఇప్పుడు చెప్పు సాబ్" అంది. నేనూ నవ్వాను. తమ్ముడి భుజం తట్టి శభాష్ అన్నాను. చేతికి ఎముక తగిలింది. ఎండకు చిక్కాడనుకున్నాను.

మొదటి టీ గ్లాసు మూడు నెలలు అతనికే దక్కింది. ఒకరోజు తొట్టి గట్టు మీద ఆ గ్లాసు నిండుగా, మీగడ కట్టి కనిపించింది. ఇంకోరోజు కూడా అలాగే. మూడోసారి గ్లాసులో ఈగ పడి ఉంది. టీ తాగకుండా ఎందుకు వదిలేస్తున్నాడని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కుర్ర విలేకరులను "ఇంకొక్క ప్రశ్న అడగలేకపోయావా" అని చీవాట్లు పెట్టినవాణ్ని. గ్లాసు కడిగి బోర్లించి లోపలికి వచ్చేశాను.

మత్తు అంటే తూలడం, వాలిపోయే కళ్లు, ఎక్కడపడితే అక్కడ పడిపోవడం అని నా ఎరుక. మా గల్లీలో తాగుబోతులు తెలుసు, గంజాయి తాగేవాళ్లు తెలుసు. నిద్రను చంపి మనిషిని పనిమంతుడిగా చూపించే రోగం ఒకటి ఉందని మాకు తెలియదు. వేరే ఇంట్లో అయితే మనిషి నిద్రపోవడం లేదని భయపడేవాళ్లు. మేము మెచ్చుకున్నాం.

*సింగారి*

ముందుగా కనిపెట్టింది ఒక బర్రె. దాని పేరు సింగారి. దూడగా ఉన్నప్పటి నుంచి మల్లేశ్ చేతిలో పెరిగింది. పాలు పిండేవాళ్లు చేపడం అనే మాట వాడతారు. బర్రె తనంతట తాను పాలను పొదుగులోకి దింపడం. దానికి చేతి మీద నమ్మకం ఉండాలి. చెయ్యి గాభరాపడితే బర్రె పాలు ఎగబట్టుకుంటుంది. వేసవి చివర సింగారి మల్లేశ్‌కు చేపడం మానేసింది. అతను దగ్గరికి వస్తే కాలు ఝాడించేది, మోర ఎత్తి అరిచేది. లలిత కూర్చుంటే మాత్రం నిమిషంలో చేపేది.

అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. కట్టుగొయ్య మార్చింది. చివరికి బర్రెకే బుద్ధి చెడిందని తేల్చింది. నేను పిండుకుంటానని లలిత బతిమాలితే, ఒక్క చేతికే వచ్చే బర్రె ఇంటికి మంచిది కాదంది. శంకర్‌పల్లి వైపు నుంచి వచ్చిన ఒకాయనకు అమ్మేశాం. మల్లేశే తాడు పట్టుకుని వ్యాను దాకా నడిపించాడు. సింగారి వ్యాను ఎక్కనని చాలాసేపు మొరాయించింది.

*ఆషాఢం*

బోనాలు దగ్గరపడేసరికి అతని మాట మారింది. హోటలు నడిపే పాషా భాయ్ మన పాలల్లో నీళ్లు కలిపి మన పేరు చెడగొడుతున్నాడన్నాడు. ఇరవయ్యేళ్లుగా మా పాలే పోయించుకుంటున్న మనిషి ఆయన. నీళ్ల పైపులోంచి పక్కింటివాళ్లు మన మాటలు వింటున్నారన్నాడు. ఒక మధ్యాహ్నం గడ్డి కోసే మిషన్ను విప్పి, బోల్టులూ బ్లేడులూ గోనెసంచి మీద పేర్చి, మళ్లీ బిగించలేక చీకటి పడేదాకా వాటి ముందే కూర్చున్నాడు. పిలిస్తే పలకలేదు. దవడ మాత్రం నములుతున్నట్టు ఆడుతూనే ఉంది.

బోనాల ముందురోజు లలిత ఎడమ మణికట్టు విరిగింది. పేడలో కాలు జారిందని చెప్పింది. కొట్టమున్న ఇంట్లో దాన్ని ఎవరూ అనుమానించరు. కట్టు కట్టించి తీసుకొచ్చాను. తొమ్మిది రోజుల తర్వాత, ఒంటిచేత్తో నాకు అన్నం వడ్డిస్తూ, నా మొహం చూడకుండా అంది.

"బావా, నేను జారలే."

నేను ముద్ద కింద పెట్టేశాను.

"పోలీసోళ్లకు చెప్తున్ననని తొట్టి గోడకు నూకిండు. నెల సంది గిట్లనే. పండుకుంటలేడు, తింటలేడు."

"ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవలకు చెప్పాలె? అత్తమ్మ ఊరంత చాటుతున్నది, నా కొడుకు బంగారమని. నువ్వు భుజం తడ్తున్నవు. నేను ఒక్కదాన్ని పోయి ఆయన మంచిగ లేడని చెప్తే, మొగుడు పని చేసుడు గూడ ఓర్వలేదంటరు."

ఆ రోజే ఏదో చేసి ఉంటే బాగుండేది. కానీ నాకు మొదట గుర్తుకొచ్చింది పాత వార్తల భాష. "గౌలిపురలో పాల వ్యాపారి" అని మొదలయ్యే ఒక చిన్న అంశం కళ్ల ముందు కట్టింది. ఆ అంశాన్ని దిద్దే కుర్రవాడికి మా ఇల్లు తెలుసు. రెండు రోజులు ఆ భయంతోనే గడిపాను. ఇది దాచిపెడితే తమ్ముడికి ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది.

మూడోరోజు పాషా భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన గల్లా దగ్గర ఇంకొకరిని కూర్చోబెట్టి నన్ను లోపలి బల్ల దగ్గరికి తీసుకుపోయాడు. తమ్ముడు ఆయన్ని దొంగ అన్న సంగతి ఆయన చెవిన పడిందని తెలుసు కాబట్టి ముందు దానికి క్షమాపణ చెప్పాను. చెయ్యి ఊపేశాడు.

"గది వాడు కాదు అన్నా, లోపలున్నది మాట్లాడ్తున్నది. మా చెల్లె కొడుకు గిట్లనే అన్నడు నన్ను. ఐస్ అంటరు దాన్ని. పటికబెల్లం లెక్క ఉంటది."

"నీకు తెలుసా భాయ్?"

"షక్ ఉండె. చాయ్ తాగడు, ఖానా తినడు, పొద్దుగాల సంది నాలుగుసార్లొస్తడు. గని మీ అమ్మ అరుగు మీద కూసోని దేవునికి దువా చేస్తది, అందరి కొడుకులు నా కొడుకు లెక్క కావాలె అని. నేను ఎట్ల చెప్పాలె, నువ్వే చెప్పు."

ఆ మధ్యాహ్నం ఆయన ఇంకా చాలా చెప్పాడు. నాకు తెలిసిన గల్లీయే, కానీ నేను చూడని గల్లీ. పెళ్లిళ్లలో బ్యాండు వాయించే ఒక మనిషి వారం రోజులు వరసగా వాయించి గుండె ఆగి పోయాడట. ఎండదెబ్బని చెప్పుకున్నారు. ఒక వడ్రంగి ఇంట్లో గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తున్నారు. ఇంకో ఇంట్లో నజర్, అంటే దిష్టి, తగిలిందంటున్నారు. ప్రతి ఇల్లూ తనకు చేతనైన పేరు పెట్టుకుని తలుపు వేసుకుంది. అమ్మేవాణ్ని ఒకణ్ని పట్టుకుపోతే పది రోజులకు ఇంకొకడు వస్తాడు. వాడూ ఎక్కడివాడో కాదు, మన మధ్య తిరిగేవాడే. మల్లేశ్‌కు ఇచ్చింది బస్తాలు దించే చోట పరిచయమైన ఒక డ్రైవరు. నిద్రను ఆపుతుందని, మొదటిసారి ఊరికే ఇచ్చాడని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి కొట్టంలోని డబ్బాలన్నీ వెతికాను. కాల్షియం పొడిలో చిన్న ప్లాస్టిక్ పొట్లం. పాషా భాయ్ చెప్పినట్టే పటికబెల్లం చూర్ణంలాగా ఉంది. మోరీలో పారబోశాను. అది తప్పో ఒప్పో నాకు తెలియదు. పారబోసినందుకు తమ్ముడు నా మీదికి వచ్చిన తీరు మాత్రం రాయలేను. రాయమన్నాడు కానీ, నా వల్ల కాదు.

*శ్రావణం*

వరలక్ష్మీ వ్రతం ముందురోజు. అతను ఎన్ని రోజులుగా మేలుకుని ఉన్నాడో మాకు తెలియదు. మధ్యాహ్నం భోజనాల వేళ కొడవలి పట్టుకుని కొట్టం రేకుల మీదికి ఎక్కాడు. నీళ్ల ట్యాంకులో ఎవరో దాక్కున్నారట. రేకులు పాతవి. ఒకచోట తుప్పుపట్టి చిల్లు పడ్డాయి. కింద గడ్డి మిషన్ బ్లేడులు. గల్లీ అంతా పోగయింది. ఫోన్లు పైకి లేచాయి. పాషా భాయ్ చేతిలోని టీ ట్రేతోనే ఒక్కో ఫోను ముందుకు వెళ్లి నిలబడ్డాడు. ఎవర్నీ తిట్టలేదు. "తీస్తే నన్ను తీయ్ బేటా" అంటూ ట్రే అడ్డం పెట్టాడు. కొందరు జేబుల్లో పెట్టుకున్నారు.

నేను పిలిచాను. లలిత పిలిచింది. పోలీసులకు చెప్పాలని ఎవరో అన్నారు. పోలీసు అన్న మాట వినగానే అతను ఇంకా పైకి, తుప్పుపట్టిన రేకు వైపు జరిగాడు.

అప్పుడు అమ్మ లోపలికి వెళ్లి ఖాళీ క్యాను తెచ్చింది. దాన్ని తొట్టి గట్టు మీద పెట్టి, గరిటెతో కొట్టింది. నెలల తర్వాత ఆ చప్పుడు. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి కొట్టి, మామూలు గొంతుతో అంది.

"పొద్దుపోతున్నది కొడుకా. బర్రెలు ఒర్లుతున్నయి. దిగు."

అతను తల తిప్పి చూశాడు. కొడవలి రేకు మీదే పెట్టి, ఎక్కిన చోటి నుంచే దిగాడు. చేతులు కడుక్కున్నాడు. పాలు పిండే ముంత కోసం మేకు వైపు చెయ్యి చాపి, ఆ మేకు దగ్గరే కూలబడ్డాడు. ఛాతీ పట్టుకున్నాడు. పాషా భాయ్ ఆటో మాట్లాడేశాడు అప్పటికే.

*ఆసుపత్రి*

గుండె వేగం తగ్గించి, రెండోరోజు మనోవ్యాధుల విభాగానికి పంపించారు. అక్కడి వరండాలో ఇనుప బెంచీలు. రంగు పోయిన చోట జనం ఆనుకున్న ఆకారాలు. అందరం ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చునే నేర్పు సంపాదించి ఉన్నాం. నేను పేపరు చదువుతున్నట్టు పట్టుకున్నాను. పేజీ తిప్పలేదు.

పక్కన కూర్చున్నావిడ ఆ సంగతి కనిపెట్టింది. పేరు మార్తమ్మ. పురానాపూల్ దగ్గర ఇల్లు, నగరపాలికలో రోడ్లు ఊడ్చే పని. కూతురు పెళ్లికూతుళ్లకు అలంకరణ చేసే పిల్ల. ముహూర్తాల రోజుల్లో నిద్ర ఆపుకోవడానికి మొదలుపెట్టింది. ఇది వాళ్లకు మూడోసారి.

"ఓపీ చీటీ చేతుల పట్టుకోకు అన్నా, చెమటకు చినుగుతది. ఇగో" అని తన సంచిలోంచి ఒక పాలిథిన్ కవరు ఇచ్చింది. నేను చీటీ అందులో పెట్టాక, "ఇగ పండుకుంటడు. రెండు దినాలు, మూడు దినాలు. సచ్చిపోయిండేమో అనుకుంటవు. ముక్కు కాడ చెయ్యి పెట్టి చూసుకో. గది పర్వలేదు. లేచినంక ఏడుస్తడు. గప్పుడు మాత్రం ఒక్కన్ని ఇడువకు. మేం గప్పుడే ఇడిచిపెట్టినం, నిమ్మలమైంది కదా అని" అంది. ఏం జరిగిందో చెప్పలేదు. ఆమె అవతల కూర్చున్న కూతురి మెడకు చున్నీ గట్టిగా చుట్టి ఉండడం నేను చూశాను. ఆ కవరు ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఆమె చెప్పినట్టే జరిగింది. మల్లేశ్ రెండున్నర రోజులు నిద్రపోయాడు. నేనూ అమ్మా వంతులవారీగా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాం. లేచాక గోడ వైపు తిరిగి ఏడ్చాడు. అన్నం పళ్లెం పక్కకు నెట్టేశాడు. తాను బతకడం దండగ అన్నాడు. అప్పుడు నేను మంచం పట్టె వదల్లేదు. బాత్‌రూముకు వెళ్లినా తలుపు బయట నిలబడ్డాను.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కళ్ల కింద నల్లటి చారలు. ఈ జబ్బుకు ఒక్క మాత్రతో తీరే మందు లేదని సూటిగా చెప్పారు. నిద్ర, తిండి, మాటలు, నెలల ఓపిక, మళ్లీ జారితే మళ్లీ రావడం. బతకడం దండగ అన్న మాట మళ్లీ ఎప్పుడు విన్నా వెంటనే తీసుకురావాలని రెండుసార్లు చెప్పారు. అన్నీ రాసుకుని ఒక ప్రశ్న అడిగారు.

"ఇన్ని నెలలు నిద్ర లేదంటున్నారు. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

అమ్మ అందుకుంది.

"బర్రె గమనించింది డాక్టరమ్మా. మేం దాన్ని అమ్ముకున్నం."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని బయటికి పోయి బెంచీ మీద, మార్తమ్మ పక్కన కూర్చుంది.

*సదర్*

అక్కడి నుంచి ఆరు వారాలు ఒక పునరావాస కేంద్రంలో ఉంచాం. ఆదివారాలు వెళ్లి చూసేవాళ్లం. ఒక ఆదివారం మల్లేశ్ చెట్టు కింద కూర్చుని, తన గోళ్లు చూసుకుంటూ అన్నాడు. "బాపు ఎన్నడన్న బర్రెకు సూది పెట్టనిచ్చిండా అన్నా?" లేదు. పాలు తొందరగా దింపించే ఆ సూదిని మా నాన్న కొట్టం గడప దాటనివ్వలేదు. "సూది పెట్టిన బర్రె ఇస్తది. ఇస్తనే ఉంటది. మనం మస్తు ఇస్తున్నదని ఖుష్ అయితం. ఒకనాడు కూలవడ్తది. నేను గదే చేసుకున్న."

దసరాకు ఇంటికొచ్చాడు. లలిత మాత్రం ఇంట్లో లేదు. అతన్ని కేంద్రంలో చేర్పించిన మర్నాడే తన తల్లిగారింటికి వెళ్లిపోయింది. మేము పొమ్మనలేదు, ఉండమని అడిగే మొహం కూడా లేదు.

దీపావళి తర్వాత సదర్ వస్తుంది. దున్నపోతులను కడిగి, నూనె రాసి, గవ్వల పట్టీలు కట్టి ఊరేగించే పండుగ. మా వాళ్లకు సంక్రాంతి కంటే పెద్దది. స్నేహితుడి దున్నను పట్టుకోవడానికి వెళతానన్నాడు మల్లేశ్. నేను వద్దన్నాను. ఒక్క పండుగకు కూడా పోనివ్వవా అని అమ్మ అతని పక్షం పట్టింది. రెండు రోజులు ఇంటికి రాలేదు. మూడోరోజు పొద్దెక్కాక వచ్చి, లోపలికి అడుగు పెట్టకుండా కొట్టం గడప మీద కూర్చున్నాడు.

"తప్పిన అన్నా" అన్నాడు. "కొట్టు, తిట్టు. గని దవాఖానకు తోల్కపో."

నాకు కోపం వచ్చింది. చెప్పుకోలేనంత అలసట వచ్చింది. అయినా ఒక సంగతి మనసుకు తట్టింది. మొదటిసారి అతన్ని మేము పట్టుకోవలసి వచ్చింది. ఈసారి తానే వచ్చి కూర్చున్నాడు. పాలిథిన్ కవరులో పాత చీటీ ఉంది. తీసుకుని బయల్దేరాం. ఆ రోజు నుంచి లెక్క వేస్తేనే ఈ ఏడు నెలలు.

*ఇప్పుడు*

ఉగాది దాటాక లలిత తిరిగి వచ్చింది. లోపలికి రాకముందే, అరుగు మీద సంచి పెట్టి అమ్మకు ఒక షరతు చెప్పింది. "అత్తమ్మా, ఆయన లేచినా మెచ్చుకోవద్దు. లేవకపోయినా తిట్టొద్దు. గట్లయితెనే ఉంట." కోడలు అత్తకు షరతు పెట్టడం మా ఇంట్లో అదే మొదలు. అమ్మ వంగి, ఆ సంచి తానే ఎత్తుకుని లోపలికి నడిచింది.

లలిత ఎడమచేత్తో ఇప్పటికీ బట్టలు పిండలేదు. మల్లేశ్ పిండుతాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు. చాలా రోజులు ఏమీ మాట్లాడుకోరు. ట్రాలీ ఆటో అమ్మేశాం. ఉస్మాన్‌గంజ్‌కు బస్తాల కోసం నేను వెళ్తాను. సింగారిని తిరిగి కొందామని శంకర్‌పల్లి వైపు రెండుసార్లు వెళ్లాను, అది చేతులు మారిపోయింది. బ్యాండు వాయించిన మనిషి ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా తలుపు తట్టాలనిపిస్తుంది. ఒకసారి తట్టాను. ఆయన తమ్ముడు బయటికి వచ్చి, మా ఇంట్ల గసుంటిది ఏం లేదని మర్యాదగా చెప్పి తలుపేసుకున్నాడు. ఆ తలుపు వెనకాల నేనూ నిలబడ్డవాణ్నే.

మధ్యాహ్నపు పాలు మల్లేశ్ పిండుతాడు. పొద్దుటి పాలు నేను. అరవై నిండాక నేర్చుకున్న విద్య కాబట్టి బర్రెలు నన్ను భరిస్తాయి, అంతే. అమ్మ "సాబ్" అనడం మానలేదు. కానీ ఇప్పుడు తొట్టి దగ్గర స్టూలు వేసుకుని, ఏ చన్ను ముందు పట్టాలో చెబుతూ అంటుంది.

భయం పోలేదు. అతను ఎప్పుడైనా మాకంటే ముందు లేస్తే ముగ్గురం మేలుకుంటాం. ఎవరమూ లేవం. చెవులతో అతని అడుగులు లెక్కపెడతాం. ఒకే చోట తిరుగుతున్నాడా, నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడా?

నిన్న నేను మూడింటికి లేచేసరికి అమ్మ అప్పటికే కొట్టంలో ఉంది. చిమ్మెట్లు అరుస్తున్నాయి. ఆమె తన పాత చీర చింపి, పాల క్యాను అడుగుకూ చెవులకూ చుట్టి ముడి వేస్తోంది. ఎందుకని అడిగాను. "చప్పుడైతది" అంది. గరిటె ఎక్కడా కనబడలేదు. నేను పాలు పిండడం అయ్యాక మొదటి టీ కాచింది. ఆ గ్లాసు నాకు ఇస్తుందని చెయ్యి చాపాను. నా వైపు చూడకుండానే దాన్ని పట్టుకుని లోపలికి పోయింది.

మల్లేశ్ నోరు తెరుచుకుని గురక పెడుతున్నాడు. కాలు మంచం బయట వేలాడుతోంది. అమ్మ గ్లాసు తలాపున పెట్టి, పైన చిన్న పళ్లెం మూసి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది. అరవయ్యేళ్లలో ఆ ఇంట్లో నిద్రపోతున్నవాళ్లకు మొదటి గ్లాసు పోయడం నేను చూడలేదు.

ఎండ గడప దాటాక లేచాడు. మమ్మల్ని చూసి, పాత అలవాటుతో గాభరాపడి, "పాలు?" అన్నాడు. అయిపోయాయని చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు, ఇచ్చిన మాట ప్రకారం. అతను పళ్లెం తీసి చూశాడు. చల్లారిపోయి మీగడ కట్టింది. వేడి చేసి తెస్తానని లలిత లేవబోతే వద్దన్నాడు. మీగడను వేలితో పక్కకు తోసి, మెల్లగా, అంతా తాగాడు.